ఎడమకాలి బ్రేకు

ఏలూరులో మోటారుసైకిళ్లు బాగుచేసే హిదాయతుల్లా స్టూలు మీద ఊరికే కూర్చున్నా, ఆయన ఎడమపాదం ఉండుండి నేలను గట్టిగా తొక్కుతుంది. గుండ్రటి లైటు ఉండే పాతకాలపు తరహా మోటారుసైకిలు కొనాలనుకునేవాళ్లు ముందు ఆయన్నే అడుగుతారు. "రోజూ తిరగడానికి పాతది మేలాండీ, అచ్చం పాతదానిలాగే ఉండే ఈ కొత్తది మేలాండీ?" అన్నాడు ఆవేళ వచ్చినాయన. "రెండూ మంచివేనండీ. పాతదానికి బ్రేకు ఎడమకాలికి, గేరు కుడికాలికి ఉంటాయి. కొత్తదానికి అవి అటూ ఇటూ మారాయి, అంతే." "అలవాటైపోతుందిలెండి." "నేనూ అలాగే అనుకున్నానండీ," అన్నాడు హిదాయతుల్లా, గుడ్డతో చేతులు తుడుచుకుంటూ.

ఏళ్ల తరబడి ఆయన పాతదే నడిపాడు. కొత్తది కొన్న నెలకే, భార్య చాంద్ బీని వెనక కూర్చోబెట్టుకుని ఆకివీడు వెళ్తుంటే చేపల లారీ అడ్డమొచ్చింది. ఉన్న బలమంతా పెట్టి ఎడమకాలితో తొక్కాడు. ఆ కాలికింద ఉన్నది గేరు. చాంద్ బీ మళ్లీ లేవలేదు. వచ్చినాయన వెళ్లిపోయాడు. ఆ పాదం మళ్లీ నేలను తొక్కింది, బండి ఇప్పటికైనా ఆగుతుందేమోనన్నట్టు.