నాన్న స్కేలుతో కొలిచిన ఉయ్యాల

నవ్వేవాళ్లు ఇప్పుడే నవ్వేసుకోండి. ఇది పక్కింటావిడకో, ఆవిడ తోడికోడలికో జరిగింది కాదు... నాకు జరిగింది. టాటానగర్ దగ్గర మాంగో అనే పేటలో, మా ఇంట్లోనే. ఈ కుడి చెయ్యే సాక్ష్యం.

ముందు మా ఆయన గొప్పదనం చెప్పాలి. ప్లాంటులో కాంట్రాక్టు సూపర్‌వైజరు. సెలవు వస్తే వడ్రంగి. ఆ విద్య ఫోనులో వీడియోలు చూసి అబ్బింది. పెరట్లో రేకుల షెడ్డు, రంపం, చిత్రిక, ఇల్లంతా చెక్కపొట్టు. ఆయన చేసిన స్టూలు మీద కూర్చోవాలంటే గోడ పట్టుకోవాలి.

మా నాన్నది అసలైన చెయ్యి. ప్యాటర్న్ షాపులో ముప్పై ఏళ్లు చెక్కతో నమూనాలు చేశాడు. ఆ నమూనాని ఇసుకలో నొక్కి తీసి, ఆ ఖాళీలో కరిగిన ఉక్కు పోస్తారు. ఉక్కు చల్లారితే ముడుచుకుంటుంది. అందుకని నాన్న స్కేలే వేరు. అడుగని రాసి ఉంటుంది గానీ మామూలు అడుగు కన్నా పావంగుళం ఎక్కువ. నాన్న పోయాక అది మా ఆయన చేతిలో పడింది. ఆ పావంగుళం సంగతి ఆయనకి తెలీదు.

పాప పుట్టగానే ఈయన ఉయ్యాల మొదలుపెట్టాడు. చట్రమంతా ఆ స్కేలుతోనే కొలిచాడు. నేను చూశాను... చెప్పలేదు. వాళ్లమ్మ ముందు అభాసుపాలైతే కళ్లారా చూద్దామనుకున్నాను.

బారసాల ముందురోజు సాయంత్రం, కింద వేసే పలక తెచ్చాడు. జుగ్సలాయి బజారు కర్రల దుకాణంలో మామూలు టేపుతో మూడడుగులకి కోయించాడు. చట్రంలో పెడితే ఒక కొస ఆనదు... జారి కింద పడింది.

"ఏటండీ ఇది? సంటిదాన్ని ఇందులో ఏత్తారా?" అన్నాను.

"టెన్షన్ మత్ లే, కంగారు పడకు. టేసన్ నుంచి అమ్మని తెచ్చీసి, నాలుగు మేకులు కొట్టెత్తాను," అని టాటానగర్ వెళ్లిపోయాడు.

నాలుగు మేకులు. ఇరవై రోజుల నా పిల్ల ఆ మేకుల మీద పడుకోవాలి. అప్పుడు భయమేసింది నాకు. పలక దాచేద్దామని, పాపని నిద్రపుచ్చి, చెవులకి మఫ్లరు చుట్టుకుని షెడ్డుకి వెళ్లాను. బాలింత చీకటిపడ్డాక గడప దాటకూడదంటారు. పనిలేనివాళ్ల మాటలనుకునేదాన్ని.

తాళం తీశాను. తలుపు తోశాను.

టిక్...

ఆగిపోయాను. మళ్లీ... టిక్... టిక్. పొయ్యి మీంచి దించిన పెనం చల్లారుతుంటే వస్తుందే, ఆ చప్పుడు. ఎలకేమోనని లైటు వేశాను. ఎవరూ లేరు. ఉయ్యాల ఒక్కటే ఉంది. వాసన మాత్రం... కాలిన ఇసుక వాసన. నాన్న డ్యూటీ నుంచి వచ్చినప్పుడు చొక్కా అచ్చం ఇదే వాసన వేసేది.

పలక తీద్దామని చెయ్యి పెట్టాను.

వేడి...

జనవరి చలి. చెక్క కాలిపోతోంది. చురుక్కుమంది, చెయ్యి వెనక్కి లాక్కున్నాను. కొంగు అడ్డం పెట్టి మళ్లీ లాగాను. రాలేదు. ఇందాక జారిపడ్డ పలక... రెండు కొసలా బిగుసుకుపోయి ఉంది. నా అరచేతి కిందే... టిక్.

తాళం కూడా వెయ్యకుండా పరిగెత్తాను.

ఆయన వాళ్లమ్మతో వచ్చాడు. సుత్తి పట్టుకుని షెడ్డుకి వెళ్లి, నవ్వుకుంటూ తిరిగొచ్చాడు.

"సూసినావా? సలికి సట్రం ముడుసుకుంది. మేకుల్లేకండానే పట్టేసింది."

చెక్క పొడవునా అంత ముడుచుకోదని నాన్న చెప్పేవాడు. ఈయనకేం తెలుసు. పొద్దున్నే వెళ్లి నేనే టేపు పెట్టాను. చట్రం మీద ఈయన నాన్న స్కేలుతో అడుగుకొకటి పెట్టుకున్న పెన్సిలు గీతలున్నాయి. గీతకీ గీతకీ మధ్య... సరిగ్గా మామూలు అడుగు. ఆ పావంగుళం లేదు. చెక్క చల్లగా ఉంది.

"నా కొడుకు సేతిలో ఏటి పనితనమే," అని అత్త మురిసిపోయింది. ఈయన సిగ్గులేకుండా తలూపాడు. పాప హాయిగా పడుకుంది.

అది నాన్నో, నా బాలింత బుర్రో... ఇప్పటికీ తెలీదు. వేళ్ల మీద బొబ్బలు మాత్రం వారం రోజులున్నాయి. నాన్నే అయితే, మనవరాలి కోసం వచ్చాడో... తెలిసి కూడా నోరు మూసుకున్న నా బుద్ధి చూడలేక వచ్చాడో.

మొన్నటి నుంచి ఈయన పాపకి నడకబండి చేస్తున్నాడు. అదే స్కేలు. చెబుదామని రెండుసార్లు షెడ్డు దాకా వెళ్లాను. చెబితే... మరి ఉయ్యాలప్పుడు ఎందుకు చెప్పలేదని అడుగుతాడు.