పూణెలో ఉన్నట్టు రాసుకున్న పదిహేను రోజులు

మా నడక బృందానికి ఒక పుస్తకం ఉంది. పొద్దున అయిదున్నరకు నిజామాబాద్‌లో ఒక పార్కులో కలిసే ఏడుగురం, అందరం రిటైరైన వాళ్లం. ఎండకాలం రాగానే ఎవరు ఏ ఊరికి పోతున్నారో, ఎన్నాళ్లుంటారో, అక్కడ ఎవరి ఫోనుకు చేయాలో అందులో రాయాలి. రెండేళ్ల కింద మాలో ఒకాయన ఎవరికీ చెప్పకుండా నాందేడ్‌లో చుట్టాల ఇంటికి వెళ్లాడు. ఫోను ఇంట్లో మరిచిపోయాడు. మూడు రోజులు చూసి, నాలుగో రోజు ఆయన ఇంటికి బయలుదేరాం. దారిలో పూలదుకాణం ముందు ఆగి, దండ ఇప్పుడే కొనాలా, చూసొచ్చి కొనాలా అని కాసేపు మాట్లాడుకున్నాం కూడా. ఇంటికి తాళం ఉంది. ఇంకో వారానికి ఆయన పేడాల డబ్బా పట్టుకొని దిగాడు. ఆ రోజే పుస్తకం పెట్టాలని అనుకున్నాం. రాసే పని నాకు అప్పగించారు.

ఆ పని నాకు కొత్త కాదు. బోధన్ వైపు ఒక చక్కెర ఫ్యాక్టరీలో టైం ఆఫీసు గుమాస్తాగా ముప్ఫై ఏళ్లు పనిచేశాను. చెరుకు ఆడే నెలల్లో ఎవరికీ సెలవు దొరికేది కాదు. చివరి బండి చెరుకు ఆడి మిషన్లు ఆగగానే సెలవు కాగితాలు నా బల్ల మీద గుట్టపడేవి. వాటిలో ‘సెలవులో ఉండే చిరునామా’ అని ఒక గడి ఉండేది. రాయడం రానివాళ్లకు నేనే నింపేవాణ్ణి. ఒకతను అత్తగారి ఊరి పేరు చెప్పేటప్పుడు గొంతు తగ్గించేవాడు. బాయిలర్ దగ్గర పనిచేసే ఒక పెద్దాయన ప్రతి ఏడూ, “ఏడ సల్లగుంటె ఆడ రాయి సారూ” అనేవాడు. నేను ఆయన సొంతూరే రాసేవాణ్ణి. నా కాగితంలో మాత్రం ఆ గడిలో ‘పై చిరునామాయే’ అని రాసుకునేవాణ్ణి. నా భార్యా నేనూ క్వార్టర్లోనే ఉండిపోయేవాళ్లం. మాకు పిల్లలు లేరు. సాయంత్రం గుమ్మం ముందు నీళ్లు చల్లుకొని ఇద్దరం కూర్చుంటే, ఇంకెక్కడికో పోలేదన్న లోటు తోచేది కాదు.

ఫ్యాక్టరీ మూతపడ్డాక నిజామాబాద్ వచ్చాం. నాలుగేళ్ల కింద ఆమె పోయింది. నేను ఒక ఇంటి వెనుక భాగంలో కిరాయికి ఉంటున్నాను. రావడానికి పోవడానికి నాకు వేరే గేటు ఉంది.

మా ఏడుగురిలో ఒకాయన పసుపు యార్డులో కాంటా దగ్గర సంచులు తూచి తూచి పని మానినవాడు. నాకంటే మూడేళ్లు పెద్ద. నేను అన్నా అంటాను, ఆయన నన్ను సారూ అంటాడు. మే నెలలో అందరూ ఊర్లకు పోయాక పార్కులో మిగిలేది మేమిద్దరమే. సిమెంటు బెంచీ మీద సుద్దముక్కతో గీతలు గీసి పులి-మేక ఆడేవాళ్లం. పులులు ఎప్పుడూ ఆయనవే. “జిందగంత సంచులు కాసిన సారూ, ఇగ మేకల్ని కూడ నేనే కాయాల్నా?” అనేవాడు. ఎనిమిదింటికి ఎండ బెంచీ మీదికి రాగానే లేచిపోయేవాళ్లం. ఆ రెండు గంటలు దాటితే, ఆ రోజుకు నేను మనిషితో మాట్లాడడం అయిపోయినట్టే. మూడు ఎండకాలాల డైరీల్లో మే నెల పేజీలు చూస్తే ఎవరు గెలిచారన్నదే ఎక్కువగా కనిపిస్తుంది.

పోయిన ఏప్రిల్‌లో ఒక పొద్దున పుస్తకం తెరిచి అందరినీ వరుసగా అడిగాను. రిటైరైన హెడ్మాస్టరు, ఆయన భార్య కేదారనాథ్ వెళ్తున్నారు. ఆమె అప్పటికే ఉన్ని టోపీలు అల్లి, ఒకటి పెట్టుకొని చూపించింది. నాందేడ్ ఆయన ఈసారి చెప్పే పోతానని నవ్వాడు. బ్యాంకులో చేసిన ఆయన కూర్గ్ పోతున్నాడు, వచ్చాక హార్మోనియం నేర్చుకుంటాడట. ఆయన ఇంటి పక్కనే ఉండే ఇంకొకాయన, “గట్లయితే నేను కూర్గ్‌లనే ఉండిపోత” అన్నాడు. అందరూ నవ్వారు.

కాంటా అన్న వంతు వచ్చింది. “నాదేముంది సారూ, ఈడనే” అన్నాడు. అలాగే రాశాను.

పుస్తకం మూయబోతుంటే బ్యాంకాయన అన్నాడు, “మరి రాసేటోని సంగతేంది? ప్రతి యేడు మాకు టికెట్లు కొట్టుడేనా, బండి ఎక్కుడు లేదా?”

మాట చిన్నదే. ఆయన నన్ను నొప్పించాలని అనలేదు. కానీ హెడ్మాస్టరు గారి భార్య నావైపు జాలిగా చూసింది. ఆ చూపు నాకు నచ్చలేదు. ఉగాది నాడు నా భార్య తమ్ముడు పూణె నుంచి ఫోను చేసి, “ఎండకాలంల ఇటు రా బావా, పది పదిహేను రోజులుండి పో” అన్నాడు. ప్రతి ఉగాదికీ అంటాడు. ఆ మాట గుర్తొచ్చింది. “పూణె పోతున్న. మే రెండో వారం నుంచి పదిహేను రోజులు” అన్నాను. వాళ్ల ముందే నా పేరుకు ఎదురుగా రాసుకున్నాను. బ్యాంకాయన భుజం తట్టాడు.

గేటు దాటాక కాంటా అన్న నాతో పాటు నడిచాడు.

“నిజంగనే పోతున్నవా?”

“పోతున్న అన్నా.”

“మంచిదే. పోవాలె. సిరికొండ కాడ మా చెల్లె ఉన్నది గద, మామిడి తోట వాళ్లది. ఈసారి నెల దినాలుండాలె అని ఒకటే పోరు. నేనే రానన్న. సారు ఒక్కడు ఉంటడు అని చెప్పిన.”

“ఇప్పుడు పోవచ్చు గద మరి.”

“రానన్నంక మల్ల వస్త అంటె ఏం బాగుంటది. చూద్దాం తీ.”

ఆయన తన గల్లీలోకి తిరిగాడు. నాకోసం చెల్లెలికి కాదని చెప్పిన మనిషికి నేను ఒక్క మాట ముందుగా చెప్పలేదు. అప్పటికప్పుడు వెనక్కి పిలిచి, ఇంకా ఏదీ ఖాయం కాలేదని చెప్పి ఉండాల్సింది. నిజానికి ఖాయం కాలేదు కూడా. పిలవలేదు.

పూణెకు ఫోను చేయడానికి నాలుగు రోజులు పట్టింది. ముందే బండ్ల వేళలు చూసుకున్నాను, సంచిలో పెట్టే బట్టలు కాగితం మీద రాసుకున్నాను. బావమరిది సంతోషంగానే మాట్లాడాడు. మేలో వాళ్లంతా హిమాచల్ వెళ్తున్నారట, టికెట్లు తీసుకొని రెండు నెలలైందట. “వచ్చే యేడు పక్కా బావా” అన్నాడు. సరేనన్నాను. అతని తప్పేమీ లేదు. పండుగ నాటి మాటను నేను ప్రయాణంగా రాసుకున్నాను.

పుస్తకంలో ఒక గీత కొడితే అయిపోయేది. గీత కొడితే ఎందుకని అడుగుతారు. హెడ్మాస్టరు గారి భార్య మళ్లీ అలా చూస్తుంది. కాంటా అన్నకు ఒక్కడికైనా చెబుదామని రెండు పొద్దులు అనుకున్నాను. ఆయన పక్కన ఎవరో ఒకరు ఉన్నారు. లేదా ఉన్నారని నాకు నేను చెప్పుకున్నాను. మే రెండో వారం వచ్చింది. చివరి రోజు, అప్పటికి ఇంకా ఊర్లకు బయలుదేరని వాళ్లంతా నా ప్రయాణం మంచిగా సాగాలన్నారు. కాంటా అన్న, “నీళ్లు మంచిగ తాగు సారూ బండిల” అన్నాడు.

మర్నాటి నుంచి నేను ఊళ్లో లేను.

ఉద్యోగంలో ఉన్న అలవాటు కొద్దీ దానికి కూడా ఒక పద్ధతి పెట్టుకున్నాను. గది వీధివైపు కిటికీ తెరవలేదు. కూలర్ చప్పుడు బయటికి వినిపిస్తుందని పొద్దునా సాయంత్రం ఆపేవాణ్ణి. కూరగాయలకూ మందులకూ ఎండ మండుతున్నప్పుడు, ముఖానికి తువ్వాల చుట్టుకొని వెళ్లేవాణ్ణి. నిజామాబాద్ ఎండలో ముఖం కట్టుకోని వాళ్లెవరు, ఎవరూ తిరిగి చూడలేదు. దాక్కోవడం ఇంత తేలికని అప్పుడే తెలిసింది. పాత డైరీలు దింపి దుమ్ము దులిపి, చెదలు పట్టిన అట్టలకు కొత్త కాగితం అంటించాను. ఎప్పటి నుంచో చేయాలనుకున్న పనే. మూడో రోజుకు అయిపోయింది. నాలుగో రోజు నుంచి నాకు నా దగ్గు వినిపించడం మొదలైంది. అయిదో రోజు డైరీలో ‘ఈ రోజు మాట్లాడిన మాటలు: కూరగాయల బండి దగ్గర రెండు’ అని ఉంది.

ఆరో రోజు సాయంత్రం బీపీ మాత్రలు అయిపోయాయి. మందుల దుకాణం పార్కుకు ఎదురుగా ఉంది. ముఖం కట్టుకొనే వెళ్లాను. మాత్రలు తీసుకొని తిరిగి చూస్తే, ఇనుప చువ్వల అవతల మా బెంచీ మీద కాంటా అన్న ఉన్నాడు. ఆయన సాయంత్రం పూట వచ్చే మనిషి కాదు. బెంచీ మీద గీతలు గీసి ఉన్నాయి. ఆయన ఒక పులిని జరిపాడు. తర్వాత మోకాళ్ల మీద చేతులానించి లేచి, బెంచీ చుట్టూ తిరిగి అవతలి వైపుకు, నేను కూర్చునే చోటికి వచ్చి కూర్చున్నాడు. చాలాసేపు ఆలోచించి ఒక మేకను పెట్టాడు. మళ్లీ లేచాడు.

రోడ్డు దాటితే పాతిక అడుగులు. నేను దాటలేదు. ఏం చెప్పాలో తయారుగా లేదు. పూణె నుంచి ముందే వచ్చానని చెప్పాలా, పోనే లేదని చెప్పాలా? ఇంటికొచ్చి ఆ రాత్రి, మర్నాడు పగలంతా దాని మీదే ఉన్నాను. ఉన్నది ఉన్నట్టు చెప్పడానికి కూడా నేను చిత్తుప్రతి రాసుకునే మనిషిని.

తొమ్మిదో రోజు పొద్దున తువ్వాల లేకుండా, మామూలు వేళకు పార్కుకు వెళ్లాను. బెంచీ ఖాళీగా ఉంది. ఎండ వచ్చేదాకా కూర్చున్నాను. గేటు దగ్గర కాపలా మనిషిని అడిగితే, “ఆయన రాక రెండొద్దులాయె” అన్నాడు.

నేరుగా ఆయన ఇంటికి నడిచాను. కోడలు గుమ్మంలో చాట ఒళ్లో పెట్టుకొని బీడీలు చుడుతోంది. నన్ను చూసి చాట పక్కన పెట్టి లేచింది.

“మామ లేడు సారూ. సిరికొండకు పోయిండు, మా చిన్నత్త కాడికి. నెలదినాలుంటడట. ఇంక ఎక్కువనే ఉంటడేమో, చిన్నమామకు పానం బాగలేదు, తోట చూసేటోళ్లు లేరు.”

“పోనన్నడు గద అమ్మా.”

“పోననే అన్నడు. మొన్న తెల్లారంగ మీ ఇంటికొచ్చిండు. సల్ల మిరపకాయలు ఎండబెట్టినం, మీ ఇంట్ల ఇచ్చొస్త అన్నడు. సారు ఊర్ల లేడన్నవు గద అంటె, నిన్న మందుల దుకాణం కాడ సారు తీరు మనిషి కనబడ్డడు, ఒకపారి చూసొస్త అన్నడు. మల్ల అట్లనే పట్టుకొనొచ్చిండు. గేటు కొట్టిన, ఎవరు తియ్యలె, చెప్పులైతె బయటనే ఉన్నయ్ అన్నడు. గంతే. చాయ తాగి, సంచి సర్దుమన్నడు.”

ఆమెకు అందులో వింత ఏమీ కనిపించలేదు. లోపలికి వెళ్లి ఆ మిరపకాయల డబ్బా తెచ్చి నా చేతికిచ్చింది.

ఇంటికి వచ్చి డైరీ తీశాను. రెండు రోజుల ముందటి పేజీలో నా చేతిరాతే ఉంది: ‘పొద్దున ఆరుంబావుకు గేటు చప్పుడు. రెండుసార్లు. ఎవరో. తీయలేదు.’ అప్పుడు కూలర్ ఆపి, మంచం మీద కదలకుండా కూర్చున్న సంగతి నాకు గుర్తుంది. అడుగులు వెళ్లిపోయాక హాయిగా ఊపిరి పీల్చుకున్న సంగతి కూడా గుర్తుంది. అది మాత్రం రాసుకోలేదు.

మధ్యాహ్నం కాంటా అన్నకు ఫోను చేశాను. వెనుక కోళ్ల చప్పుడు, ఎవరో మామిడికాయల గంప దింపుతున్న చప్పుడు.

“ఏం సారూ, పూణె ఎట్లున్నది?”

“పోలేదన్నా. ఇంట్లనే ఉన్న.”

“ఎరుకే.”

“గేటు కాడికొచ్చి ఒక్క మాట పిలవకపోతివి.”

“ఊర్ల లేనని నీ చేత్తోనే రాసుకున్నవు. లేనోన్ని ఏమని పిలుస్తం సారూ?”

కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది. తప్పయిందన్నాను. ఎందుకు అలా చేశానో చెప్పడం మొదలుపెట్టాను, ఉగాది ఫోను నుంచి వరుసగా. ఆయన మధ్యలోనే, “గవన్ని ఎందుకు తీ. తిన్నవా?” అన్నాడు. తిన్నానన్నాను. మిరపకాయలు అందాయని చెప్పాను. “నూనె తక్కువ పోసి ఏంచుకో, బీపీ ఉన్నది నీకు” అని పెట్టేశాడు.

పూణెలో మిగిలిన ఆరు రోజులూ నేను అందరూ చూసేలాగానే పార్కుకు వెళ్లాను. చూసేవాళ్లు ఎవరూ లేరు. జూన్‌లో అందరూ తిరిగొచ్చారు. కేదారనాథ్ మంచు గురించి, కూర్గ్ కాఫీ గురించి రెండు పొద్దులు మాట్లాడుకున్నాం. మూడో పొద్దు బ్యాంకాయన పూణె సంగతి అడిగాడు. పోలేదని, ఊళ్లోనే తలుపేసుకొని ఉన్నానని చెప్పాను. ఎవరూ నవ్వలేదు. హెడ్మాస్టరు గారి భార్య కిందికి చూసింది. బ్యాంకాయన, వాన ఎప్పుడు పడుతుందో అన్నాడు.

కాంటా అన్న ఇంకా రాలేదు. చెల్లెలి భర్త మంచం మీదే ఉన్నాడట, తోట, బర్రెలు ఈయనే చూసుకుంటున్నాడట. ఆదివారం ఆదివారం ఫోను చేస్తాను. బాయిలో నీళ్లు ఎంత పైకి వచ్చాయో, అడవిపంది గట్టు ఎక్కడ తవ్విందో చెబుతాడు. గొంతు ఇక్కడున్నప్పటి కంటే గట్టిగా ఉంది. నేను అన్నీ వింటాను. ఎప్పుడు వస్తావని మాత్రం అడగను. అడిగితే, నేను ఒక్కణ్ణే ఉన్నానని ఆయన ఏదో ఒక తారీఖు చెబుతాడు. చెప్పాడంటే తప్పకుండా వచ్చేస్తాడు.