అమ్మ చీర, చెల్లెలి కత్తెర

అమ్మ తన పెళ్లినాటి ధర్మవరం పట్టుచీరను నా చెల్లెలి చేతిలో పెట్టిన రోజు మంగళవారం. ఆ రోజు నా డైరీలో ఒక్క వాక్యమే ఉంది: "చీర దానికి ఇచ్చింది." రోజూ పేజీ నిండే దాకా కలం మూయని నాకు ఆ పూట అంతకు మించి సాగలేదు.

సంగతి చిన్నదే. ఏడో తరగతి చదువుతున్న మా పాపకు బడి వార్షికోత్సవంలో నాట్యానికి పట్టు పావడా కావాలి. ఉన్న గుడ్డను వదిలి కొత్తది కొనే అలవాటు మా ఇంట్లో లేదు. చీర పాతబడితే బొంత అవుతుంది, పంచె దిండు గలీబు అవుతుంది, పెళ్లిళ్లలో పెట్టిన రవికగుడ్డలు పిల్ల గౌన్లవుతాయి. కళ్యాణదుర్గంలో కాపురం పెట్టినప్పటి నుంచి ఈ మార్పిడంతా నా మిషను మీదే జరుగుతోంది. కొలత రాసుకోనిదే నేను కత్తెర పట్టను. పావు అంగుళం తేడా వచ్చినా కుట్టు విప్పి మళ్లీ వేస్తాను. కనుక ఆ చీర నా దగ్గరికే వస్తుందనుకోవడం అత్యాశ కాదు.

"పాప నా కూతురు కదమ్మా. నేను కుట్టలేనా?" అని అడిగాను.

"కుడతావులేవే, ఎవురు కాదన్నారు? దాని చెయ్యి మీ నాయన చెయ్యి. గుడ్డ పట్టుకుంటేనే తెలుస్తాది" అంది అమ్మ.

నాయన మగ్గం మనిషి. ఆ చీర ఆయన స్వయంగా నేసింది. ఆయన చేతిని చెల్లెలికి పంచేసిన తరువాత నాకు మిగిలినవి ఆయన పాత పంచెలు. అవి నా బీరువాలో ఉన్నాయి.

పాప కూడా అటువైపే. "చిన్నమ్మ కుడితేనే ఏసుకుంటా" అని ఖరాఖండిగా చెప్పింది. కారణం నాకు తెలుసు. మూడో తరగతిలో వేషాల పోటీకి గోనెసంచితో దానికి శనక్కాయ వేషం కుట్టాను. నడుమ నొక్కు, కొసన ముక్కు, పైన గీతలు, అన్నీ కాయలో ఉన్నట్టే కుదిరాయి. మొదటి బహుమతి వచ్చింది. కానీ గోనె గుచ్చుకుని, వేదిక మీద నిలబడినంతసేపూ పిల్ల ఒళ్లు గోక్కుంటూనే ఉంది. బహుమతి సంగతి మా ఇంట్లో ఎవరికీ గుర్తు లేదు.

చెల్లెలిది గుంతకల్లు. మరిది రైల్వే ఉద్యోగి. క్వార్టర్సులో చుట్టుపక్కల ఆడవాళ్లందరికీ చెల్లెలే బట్టలు కుట్టిపెడుతుంది. టేపు మెడలో వేసుకుంటుంది గానీ వాడదు. పిల్లను ఒకసారి వెనక్కి తిప్పి, ముందుకు తిప్పి, వీపు మీద జానతో కొలిచి "అయిపోయింది పోమ్మా" అంటుంది. అంత అలవోకగా కుట్టినది అంత చక్కగా ఒంటికి అమరడం చూస్తే నాకు మనసులో ఎక్కడో కలుక్కుమంటుంది. కుదరకపోతే బాగుండునని అనుకున్న రోజులున్నాయి, దాచడం దేనికి.

అయినా ఆ చీర విషయంలో నాకు తెలిసిన ప్రమాదం ఒకటుంది. పెళ్లిలో నాయన తన చేతులతో మడిచి ఇచ్చిన చీర అది. అందుకని అమ్మ ప్రతి ఉగాదికీ దాన్ని తీసి నీడన ఆరబెట్టి, తిరిగి అదే మడతలో పెట్టేది. మడత మార్చనిచ్చేది కాదు. "మీ నాయన మడత" అనేది. పట్టు అన్నాళ్లు ఒకేచోట విరిగి ఉంటే అక్కడ పోగు చచ్చిపోతుంది. పైకి మెరుపు తగ్గదు, చేత్తో లాగితే మాత్రం పర్రుమంటుంది. చీర నడుమ పొడవునా ఉన్న ఆ మడత, పావడాగా మారితే సరిగ్గా తొడల మీదికి వస్తుంది.

చెల్లెలు చీర పరిచి కత్తెర తీయగానే ఆ మాటే చెప్పాను. "వెనక ఇంకో గుడ్డతో అస్తరు వెయ్యి. లేకుంటే మడత కాడ నిలవదు."

"అస్తరు వేస్తే పట్టు బిర్రుగా నిలబడతాదక్కా. పిల్ల ఆడొద్దా?" అని, పాపకేసి చూసి కన్ను గీటింది. "మళ్లీ శనక్కాయ చేస్తామా ఏంది?"

పాప పడీపడీ నవ్వింది. అమ్మ మాత్రం నవ్వకుండా, "దానికిచ్చినానని నీకు కడుపుమంట. గమ్మునుండు" అంది.

కడుపుమంట నిజమే. మడత సంగతీ నిజమే. ఒక నిజం మూలాన రెండోదాన్ని ఎవరూ నమ్మలేదు.

పావడా బాగా వచ్చింది. చెల్లెలు ఊరికి వెళ్లిపోయింది. వార్షికోత్సవం ఇంకా రెండు రోజులుందనగా, బడిలో సాధన చేస్తూ పాప మోకాళ్లు పక్కలకు వంచి అరమండిలో కూర్చుంది. మడత వెంబడి పావడా జానెడు చినిగింది.

పాప ఆ ముక్క నాకు చెప్పలేదు. ఇంటికొచ్చి నా ఫోను తీసుకుని మిద్దె మీదికి పోయింది. నేను బట్టలు తీయడానికి ఎక్కేసరికి ఫోను స్పీకరులో చెల్లెలి గొంతు వినిపించింది. "ఏడవొద్దే పిచ్చిదానా. మీ అమ్మకియ్యి. నీకేం కాదు, పో."

నా కూతురు నా దగ్గరికి రావడానికి గుంతకల్లు నుంచి అనుమతి రావలసి వచ్చింది.

పాప తెచ్చిచ్చిన పావడా అందుకున్నాను. నాయన పంచె ఒకటి తీశాను. ఉతికి ఉతికి వెన్నలా మెత్తబడిన గుడ్డ. బిర్రుగా ఉండదు, గుచ్చుకోదు. నడుము నుంచి అంచు దాకా లోపల అస్తరు వేసి, చినిగిన చోటును దానికి పట్టించి, పట్టు రంగు దారంతో సన్నగా చేతికుట్టు వేశాను. బయట నుంచి చూస్తే ఎవరికీ కనబడదు. అంత బాగా కుట్టినందుకు నా మీద నాకే కోపం వచ్చింది.

వార్షికోత్సవం నాటికి చెల్లెలు వచ్చింది. పాప ఆడింది, పావడా నిలిచింది. వేదిక దిగగానే నాట్యం టీచరు జరీ అంచు పట్టుకుని చూసి, "ఎంత బాగుండాదో! ఎవురు కుట్టినారు?" అని అడిగారు.

"మా చిన్నమ్మ" అంది పాప, తడుముకోకుండా.

నేను వంగి, అందరి ఎదుటా పావడా అంచు తిప్పి అస్తరు చూపించాను. "లోపలిది నేను కుట్టినాను మేడం. ఇది లేకుంటే ఈపొద్దు ఆట లేదు."

"మా! వదులు మా, అందరూ చూస్తాండారు!" అని పాప నా చేతిలోంచి అంచు లాక్కుంది.

చెల్లెలు హాయిగా నవ్వింది. "నిజమే మేడం. నేను కుట్టింది చినిగింది, మా అక్క కుట్టింది నిలబడింది. ఆయమ్మ ముందే చెప్పింది, నేనే ఇన్లేదు."

టీచరు చెల్లెలి భుజం తట్టారు. "ఎంత మంచి మనసమ్మా నీది!" అన్నారు. అస్తరు గురించి ఆమె మరొక్క మాట అనలేదు. గెలుపు నాది, మెప్పు చెల్లెలిది. తప్పు ఒప్పుకోవడం కూడా దానికి అంత అందంగా చేతనవుతుందని నాకు అంతవరకు తెలియదు.

తిరుగు దారిలో ఆటోలో పాప నాకూ చెల్లెలికీ నడుమ కూర్చుంది. కొంతసేపటికి నా చెవిలో అడిగింది. "మా, వచ్చేసారి గూడా చిన్నమ్మ కత్తరిస్తాది, నువ్వు అస్తరు వేస్తావా?"

"కత్తరించేది కూడా నేనే" అన్నాను.

పాప చిన్నమ్మ వైపు చూసింది, నా వైపు చూసింది.

"చూస్తాంలే మా" అంది.