టచప్ అక్క గోకిన గ్రహం

టచప్ అక్కని మీరు కలిసి తీరాల్సిందే! కార్ల షెడ్డులో సొట్టలు తీసి రంగు కొట్టడం ఆవిడ పని. తలుపు మీద ఆవిడ వేసిన రంగేదో, కంపెనీ రంగేదో కారు కొన్నవాడు కూడా పోల్చుకోలేడు. అలాంటి మనిషికి సైన్స్ మ్యూజియం వాళ్లు ఓ పెద్ద ఫైబర్ బంతి అప్పగించారు. సూర్యుడికి ఎక్కడో దూరాన తిరిగే మరుగుజ్జు గ్రహానికి నమూనా అది, రంగులు వెయ్యాలి. ఇది నచ్చితే మిగతా గ్రహాలన్నీ ఆవిడకే! అత్తగారు అప్పుడే వీధంతా టముకు వేసేసింది.

ఎప్పటివో పాత ఫొటోలు చూసుకుంటూ అక్క ఎర్రమట్టి రంగు కొట్టింది, ముత్యపు తెలుపుతో మంచు పరిచింది, పైన క్లియర్ కోటు వేసింది. బంతి అద్దంలా తయారైంది.

ప్రారంభానికి ముందు రోజు మ్యూజియం మేడమ్ ఫోన్ పట్టుకుని షెడ్డుకి పరిగెత్తుకొచ్చింది.

"అక్కా, కొత్త ఫొటో వచ్చింది! ఇక్కడి మంచు తగ్గిపోయింది చూడు!"

"తగ్గడమేంటమ్మా, అంత చలిలో?"

"అక్కడా రుతువులు మారతాయిగా! అది మన నీళ్ల మంచు కాదు, గడ్డకట్టిన గాలి. కాస్త ఎండ సోకితే చాలు, లేచిపోయి చల్లగా ఉన్న ఇంకోచోట వాలుతుంది. కాకపోతే మహా నిదానం. అక్కడ ఒక్క ఏడాదంటే మనకి రెండు వందల ఏళ్ల పైమాటే."

అక్కకి ఒళ్లు ఝల్లుమంది. రాయిలా పడి ఉంటుందనుకున్నది బట్టలు మార్చుకుంటోంది!

"మరి నా బంతో?"

"వదిలెయ్ అక్కా, ఎవరికి తెలుస్తుంది? ఇప్పుడు గోకితే కొత్త కోటు ఆరే టైము లేదు. మిగతావి నీకివ్వాలో వద్దో డైరెక్టరు గారు రేపు దీన్ని చూసే తేలుస్తారు."

అక్క బంతి చుట్టూ తిరిగింది. నున్నగా, ముద్దొస్తూ ఉంది. కానీ చూపు ఎటు తిప్పినా ఆ తెల్లమచ్చ మీదే పడుతోంది. అక్కడ లేని మంచు! ఇక ఆగలేక, రంగు గోకే ఎమరీ కాగితం నీళ్లలో ముంచింది.

మర్నాడు హాల్లో బంతి వేలాడింది. ఒక పక్క ధగధగ, ఒక పక్క ఎర్రగా, గరుగ్గా.

"ఇదేంటే, పిల్లి గోకినట్టుంది? వీధిలో నా ముఖం ఎక్కడ పెట్టుకోను?" అని అత్తగారు గొణిగింది. ఆవిడ గొణుగుడు హాలంతా వినిపించింది.

"పిల్లి కాదత్తయ్యా, ఎండ! అక్కడ మంచు ఎగిరిపోయింది!"

డైరెక్టరు గారు కళ్లజోడు సర్దుకున్నారు. "రేపు మళ్లీ మారితే?"

"మళ్లీ గోకుతాను సార్!"

ఆయన నవ్వేశారు. "దీన్ని ఇక మీరే చూసుకోండమ్మా. మిగతావాటితో మాత్రం ఇంత ఓపిక నాకు లేదు, స్టిక్కర్లు అంటించేస్తాం."

అత్తగారు నెత్తి కొట్టుకుంది. అక్కేమో మేడమ్ చెయ్యి వదలకుండా, "ఆ ఎగిరిన మంచు ఎక్కడ వాలిందో తెలియగానే నాకు ఫోన్ చెయ్యి తల్లీ!" అంటోంది.

ఊరుకుని ఉంటే గ్రహాలన్నీ ఆవిడవే అయ్యేవి. చెప్పండి, ఆ తడి కాగితం మీ చేతిలో ఉంటే మీరేం చేసేవారు?