హార్లన్ విమానం విప్పించడం

మా తమ్ముడు వెండెల్ పశువుల డాక్టరు. మోంటానాలో మా చుట్టుపక్కల ఎక్కడ దూడ అడ్డం తిరిగినా తన చిన్న విమానంలో వెళ్లి వాలతాడు. రంకె వేసే ఎద్దుకు భయపడడు, మనిషికి ఎదురు చెప్పాలంటే మాత్రం చెమటలు పడతాయి.

వాడి భార్య ఇంగకు ఊపిరితిత్తులు పాడయ్యాయి. పెద్దాసుపత్రి కొండల అవతల ఉంది. కారులో రోజంతా ప్రయాణం. వాడి చిన్న విమానంలో ఎగిరి వెళదామంటే పైనున్న పల్చటి గాలి ఆమెకు చాలదు. లోపల గాలిని చిక్కగా పట్టి ఉంచే విమానం కావాలి. అలాంటిదే, రెండింజన్ల పాతది, చనిపోయిన వాడి స్నేహితుడు హార్లన్ షెడ్డులో ఉంది. అద్దంలా మెరుస్తుంది, ఇంజన్లు పెద్దగా తిరగలేదు. అతని భార్య ఆల్మా మావాడికే అమ్ముతానంది.

"ఎవరికైనా విప్పి చూపించావట్రా?" అన్నాను.

"ఇన్నేళ్లూ చూసింది మన ఊరి మెకానిక్కే కదక్కా."

"వాడి వంటకు వాడే వంక పెట్టుకుంటాడా? పొరుగూరివాణ్ణి పిలువు."

"హార్లన్‌ని నమ్మలేదని ఆల్మా వదిన అనుకోదూ?"

మా దగ్గర ఇరుగుపొరుగు బేరాలకు చెయ్యి కలిపితే చాలు. విప్పి చూస్తానంటే దొంగ అన్నట్టే. అలా కొన్న ట్రాక్టర్లు ఎన్నో చేలో మొరాయించాయి. ట్రాక్టరు ఆగితే దిగి తిట్టుకోవచ్చు, విమానంలోంచి ఎక్కడికి దిగుతాం?

వాణ్ణి ఆల్మా ఇంటికి లాక్కెళ్లాను. టోపీ నలుపుతూ, ఆల్మా పెట్టిన కేకు బాగుందన్నాడు, వాన పడలేదన్నాడు, ఇంకో ముక్క తిన్నాడు. ఆల్మాకు విసుగొచ్చింది.

"వద్దయితే వద్దను వెండెల్. నేనేం ఏడవను."

"కావాలి వదినా. కానీ అందులో కూర్చునేది ఇంగ. బయటి మెకానిక్‌తో ఒకసారి..."

"ఇదా నీ బాధ? చివరి ఏళ్లలో ఆయన దాన్ని తుడవడమే గాని ఎగరేసింది లేదు. లేవకుండా పడుకున్న ఆవును చూసి, అలసిపోలేదు కాబట్టి ఆరోగ్యంగా ఉందంటావా నువ్వు?"

పొరుగూరి మెకానిక్ వచ్చి ఇంజను మూత విప్పాడు. వేడి పొగ వెళ్లే గొట్టం పగిలి ఉంది. పక్కనే ఇంజన్ను మోసే దూలం కమిలి నల్లబడింది. గాల్లో ఆ గొట్టం విడిపోతే మంట నేరుగా పెట్రోలు పైపు మీదికే వెళ్లేదన్నాడు. ఎగరకుండా కూర్చున్న ఇంజన్లో తుప్పు కూడా చూపించాడు.

ఆల్మా ఆ నల్లటి మచ్చను వేలితో గీకి చూసింది. "దీన్ని బాగుచేసేదాకా ఎవరికీ అమ్మను" అంది. "ఇంగకు ఆక్సిజన్ సిలిండరు సర్దండి. కారు నేను నడుపుతా."

వెనక సీట్లో కూర్చున్న వెండెల్ తర్వాత చెప్పాడు: ఆడవాళ్లిద్దరూ దారి పొడవునా మొగుళ్లను ఆడిపోసుకున్నారట. ఇంగ దగ్గొచ్చేదాకా నవ్విందట.