మంచు చిరుతకు కేటాయించిన అరగంట

ఆ రోజు డైరీ పేజీలో పైనే పట్టిక ఉంది. పదిన్నరకు ఎర్ర పాండా, పదకొండుకు ఎలుగుబంటి, పదకొండున్నరకు కొండమేకలు, పన్నెండుంబావు నుంచి ముప్పావు దాకా మంచు చిరుత. ఒంటిగంటకు గేటు దగ్గర జీపు. సూర్యాపేటలో బయలుదేరక ముందే రాసి పెట్టుకున్నాను.

హిమాలయాల్లో ఒక కొండ ఊరి పైన, చలి ప్రాంతపు జంతువుల కోసం అడవిలోనే కంచెలు వేసి కట్టిన సంరక్షణ కేంద్రం అది. చిరుతను మిట్టమధ్యాహ్నానికి పెట్టడానికి కారణం ఉంది. మా వైపు ఆ వేళకు గేదె గానీ కుక్క గానీ మనిషి గానీ నీడ వదిలి రారు. చెట్ల కింద వెతికితే చాలు, కదలకుండా దొరుకుతుందని నా అంచనా.

మేం ముగ్గురం. కోదాడలో ఉండే మా అక్క, మిర్యాలగూడ రైస్ మిల్లులో ఫిట్టర్‌గా చేసి మానేసిన మా బావమరిది, నేను. మా ఆవిడకు చలి పడదు కనుక గదిలోనే ఉండిపోయింది.

చిరుతను చూడాలన్నది అక్క కోరిక. మఠంపల్లి దగ్గర ఒక ఊళ్ళో ఆమె చాలా ఏళ్ళు చిన్న తరగతులకు పాఠాలు చెప్పింది. గోడ మీద జంతువుల చార్టు ఉండేది. ఊరి పక్క ఫ్యాక్టరీల సిమెంటు దుమ్ముకు పులీ సింహమూ మాసిపోయాయి గానీ, మంచు చిరుత ముందే బూడిద రంగు కనుక దానికేమీ కాలేదు. ఒకరోజు ఒక పిల్ల లేచి, "టీచర్, మీరు దీన్ని సూసిండ్రా?" అని అడిగింది. అక్క నోటి నుంచి "చూశాను" అని వచ్చేసింది. ఆ మాట ఏటేటా పెరిగింది. ఎక్కడ చూసిందో, అది ఎలా నడిచిందో, మధ్యాహ్నం ఏ చెట్టు కింద పడుకుందో కూడా చెప్పింది. రైల్లో ఇదంతా మాతో ఒప్పేసుకుంది.

"ఒక్కసారి కళ్ళారా చూస్తే చాలురా. అప్పుడు అది అబద్ధం కాదు, కాస్త ముందుగా చెప్పినట్టు అవుతుంది" అంది.

మర్నాడే తిరుగు ప్రయాణం. ఉన్నది ఆ ఒక్క పూటే.

లోపల అంతా మెట్లే. అక్క మోకాళ్ళు పట్టుకుని ఎక్కుతుంటే బావమరిది ఊరుకోలేదు.

"వదినా, గిది కోదాడ బస్టాండు గాదు, జర పైలం."

"నీకు మిల్లు మెట్లు అలవాటే కదా. ఈ సంచి కూడా మోయి."

మోశాడు. ఆయన చేతిలో అప్పటికే గొడుగు ఉంది, ఎండ కోసం మిర్యాలగూడ నుంచి తెచ్చింది. ఎర్ర పాండాను చూసి, "పిల్లి నక్క రెండు కలిసినట్టుంది బావా" అన్నాడు. ఎలుగు మాకు వీపు తిప్పి కూర్చుంది. పట్టిక ప్రకారమే నడిచాం.

చిరుత ఉండే చోటు పెద్ద వాలు. బండలు, దేవదారు చెట్లు. దుర్భిణీతో ఒక్కో చెట్టు మొదలూ చూశాను. ఏమీ లేదు. కంచె చుట్టూ నడిచి అవతలి నీడలన్నీ వెతికాం. పన్నెండు నలభై అయింది.

"బోర్డు మీద బొమ్మ ఉన్నది గదా వదినా. దాన్నే సూసుకో, ఇగ పోదాం" అన్నాడు బావమరిది.

మామూలుగా అయితే వాతపెట్టినట్టు జవాబిచ్చే అక్క, బోర్డు వైపు తిరక్కుండా కంచె పట్టుకుని వాలునే చూస్తూ నిలబడింది. ఆయనకే ఏదోలా అయి, గొడుగు చంకన పెట్టుకుని మళ్ళీ వెతకడం మొదలుపెట్టాడు.

"కాళ్ళు కొంకర్లు పోతున్నాయి. నేను ఎండలో కూర్చుంటాను" అని అక్క దూరంగా ఉన్న బెంచీ దగ్గరికి వెళ్ళింది. కాసేపటికి అక్కణ్ణుంచి మెల్లగా, "ఒరే, ఇటు రండి" అంది.

వెళ్ళాం.

"ఇంత చలిలో మీరిద్దరూ నీడలో ఎందుకురా వెతుకుతున్నారు? నేనే ఎండ వెతుక్కుని వచ్చానే, అది మాత్రం రాదా?"

ఆమె చూపిన వైపు వాలు మధ్యలో ఎండ పడుతున్న బండ ఒకటి ఉంది. బాగా చూస్తే ఆ బండలో ఒక భాగం ఊపిరి తీస్తోంది. తర్వాత చెవులు కనిపించాయి, తర్వాత బండ అంచు మీంచి వేలాడుతున్న లావుపాటి తోక. ఇందాక రెండుసార్లు దాని ఎదురుగానే నడిచాం.

"మరి చెట్టు కింద పండుకుంటదని పిల్లలకు చెప్పినవు గదా వదినా" అన్నాడు బావమరిది గుసగుసగా.

"తప్పే చెప్పాను. నేను చెప్పింది మఠంపల్లి చిరుత గురించి" అంది అక్క, కళ్ళు తిప్పకుండా.

ఫోను మోగింది. జీపు వచ్చింది. అందులో వేరేవాళ్ళు కూడా ఉన్నారట, ఆగడం కుదరదట.

"ఇప్పుడు లేవకపోతే కిందిదాకా నడవాల్సి వస్తది అక్కా" అన్నాను.

"దిగడమే కదరా. నన్ను కాసేపు చూడనీ."

ఫోనులో పొమ్మని చెప్పేశాను. బావమరిది ఆమె పక్కన చేరి, సంచిలోంచి సకినాలు తీసి ముగ్గురికీ పంచాడు. చప్పుడు కాకుండా తినడానికి అంతకంటే పనికిరాని వస్తువు ఇంకోటి లేదు. నోట్లో నానబెట్టుకుని తిన్నాం.

చిరుత ఒకసారి ఆవలించింది. ఒకసారి వెల్లకిలా పడి పొట్ట ఎండకు పెట్టింది. అక్క వేరే ఏమీ చూడలేదు. మెల్లగా దేవదారు నీడ బండ మీదికి పాకి, ముందు దాని తోకను తాకింది, తర్వాత వీపును. అది లేచి, ఒళ్ళు విరుచుకుని, ఎండ మిగిలిన ఇంకో బండను వెతుక్కుంటూ అవతలికి దాటిపోయింది.

అప్పుడు అక్క కూడా మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచింది.