గడ్డి కూరిన దూడ

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఏ నీళ్ళూ ఊరికే పోయేవి కావు. మేము నగరిలో మగ్గాల వీధిలో ఉండేవాళ్ళం. నాయన నేసేవాడు, తాత నూలుకు రంగు వేసేవాడు. బియ్యం కడిగిన నీళ్ళు, గంజి పక్కింటి అక్క ఆవుకు కుడితిలోకి పోయేవి. మొహం కడిగిన నీళ్ళు అరటి పిలకలకు. అంట్లు బూడిదతో, కొబ్బరిపీచుతో తోమేవాళ్ళం కాబట్టి ఆ నీళ్ళు పెరటి వెనక గుంతలోకి వదిలేవాళ్ళం. కోళ్ళు, కుక్కలు, తాళ్ళు తెంచుకొచ్చిన దూడలు అక్కడే తాగేవి. ఇవన్నీ ఎవరో చెప్తే నేర్చుకున్నవి కావు. ఎండాకాలంలో బావి అడుగు కనిపించే ఊళ్ళో ఎవరైనా అట్లాగే బతుకుతారు.

రంగు నీళ్ళు మాత్రం వేరు. నీలం రంగులో తాత సోడాకారం కలిపేవాడు. చుక్క పడితే చర్మం బొబ్బలెక్కేది. పని అయిపోయాక మిగిలిన నీళ్ళను ఇనప బకెట్లో మోసుకుపోయి, వీధి దాటి, రాళ్ళదిబ్బ అవతల తను తవ్విన గుంతలో పోసి వచ్చేవాడు. ఆ గుంత చుట్టూ ముళ్ళకంప కూడా వేసి ఉంచాడు. ఒక ఏడు ఆయన మోకాళ్ళు పట్టేశాయి. ఆ పని నాకు అప్పగించాడు. నాకప్పుడు తొమ్మిదేళ్ళు.

పక్కింటి అక్కకు మొగుడు పోయాడు, పిల్లలు లేరు. ఒక గది, వెనక ఒక పాక, పాకలో ఆవు. ఆ పాలు నాలుగిళ్ళకు పోసి బతికేది. నాకు తల దువ్వి జడ వేసేది ఆమే. మా అమ్మకు మగ్గం దగ్గర్నుంచి లేచే తీరిక ఉండేది కాదు. ఆ చలికాలంలో ఆవు ఈనింది. కోడెదూడ కాదు, పెయ్యే. ఇంక నాకు దిగుల్లేదు అని అక్క మా అమ్మతో అనడం నేను విన్నాను.

ఎండలు ముదిరాక ఒకరోజు మిట్టమధ్యాహ్నం బకెట్ ఎత్తుకుని బయల్దేరాను. కాళ్ళకు చెప్పుల్లేవు. నేల పెనంలా కాలుతోంది. వీధిలో నా ఈడు పిల్లలు నీడన కూర్చుని అచ్చనగాయలు ఆడుతున్నారు. నేను పెరటి వైపు తిరిగి, ఎవరూ చూడటం లేదని నిశ్చయించుకుని, బకెట్ వెనక గుంతలో ఒంపేశాను. కాసేపు ఆగి ఇంట్లోకి పోయి, పోసి వచ్చినానని తాతకు చెప్పాను. ఆయన తలెత్తకుండానే సరే అన్నాడు. నేను ఆటకు పోయాను.

సాయంత్రానికి అక్క దూడ నోట్లోంచి చొంగ కారుతోంది. ఏ విషపుటాకో తినిందేమోనని అక్క మజ్జిగ తాగించబోయింది. అది మింగలేకపోయింది. తాత గోడ పట్టుకుంటూ వచ్చి, వంగలేక వంగి, వేలితో దాని పెదవి ఎత్తి చూశాడు. నాలుక కాలిపోయి ఉంది. పళ్ళ చుట్టూ నీలం. ఆయన లేచి, మా పెరటి గుంత దాకా నడిచి చూసి, నా దగ్గరకు వచ్చాడు.

"యాడ పోసినావు?"

దిబ్బ అవతల అన్నాను. ఆయన కొట్టలేదు. చెయ్యి పట్టుకుని పాకలోకి తీసుకుపోయి దూడ ముందర నిలబెట్టాడు.

"ఆ మాట అక్కకు చెప్పు. దూడను సూస్తా చెప్పు."

నేను ఆ అబద్ధం చెప్పలేకపోయాను. జరిగింది చెప్పాను.

అక్క తిడుతుందనుకున్నాను. ఆమె నేల చూపించింది.

"కూర్చో. దాని తల ఒళ్ళో పెట్టుకో. ప్రాణం పొయ్యేదాకా లెయ్యొద్దు."

కూర్చున్నాను. దూడ మెడ ఎంత బరువుంటుందో నాకు అప్పుడే తెలిసింది. అవతల గుంజకు కట్టేసిన ఆవు తాడు లాగుతూ అరుస్తోంది. చేపుకొచ్చిన పొదుగు నుంచి పాలు వాటంతట అవే నేల మీద పడుతున్నాయి. మా అమ్మ వాకిట్లోకి వచ్చి నన్ను లేపబోతే తాత అడ్డం నిలబడ్డాడు. పొద్దు గూకే లోపల దూడ పోయింది. నా పావడా ముందు భాగమంతా చొంగతో, రక్తంతో తడిసిపోయింది. దాన్ని ఆ రాత్రి అమ్మే ఉతికింది.

అంతటితో అయిపోయిందనుకున్నాను.

దూడ లేకపోతే ఆవు పాలు ఇవ్వదు. పొదుగు ముట్టుకోబోతే అక్కను తన్నింది. తాత ఎవరినో పిలిపించి దూడ తోలు వలిపించి, ఎండబెట్టించి, లోపల వరిగడ్డి కూరించి కుట్టించాడు. కాళ్ళకు వెదురు పుల్లలు పెట్టించాడు. కళ్ళ చోట రెండు చిల్లులు. దాన్ని ఆవు ముందు పెట్టి ఉప్పునీళ్ళు చల్లితే, ఆవు వాసన చూసి, నాకడం మొదలుపెట్టి, పాలు చేపుతుంది. అయితే అది దానంతట అది నిలబడదు. ఎవరో ఒకరు పట్టుకోవాలి.

పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి నేనే పట్టుకోవాలని తాత చెప్పాడు. పసిపిల్ల అని అమ్మ ఏడ్చింది. నాయన కూడా అంతటితో వదిలెయ్యమన్నాడు. తాత వాళ్ళిద్దరికీ కలిపి ఒకే మాట చెప్పాడు.

"ఆవును మనం మోసం చేస్తా ఉండాం. ఆ మోసాన్ని ఎవురో ఒకరు పట్టుకోని నిలబడల్ల. పోసినోళ్ళే నిలబడనీ."

నిలబడ్డాను. ఆవు నాకుతుంటే ఆ ఉప్పు నా చేతులకూ అంటేది. దాని నాలుక తోలు మీద నుంచి నా వేళ్ళ మీదకు, మళ్ళీ తోలు మీదకు పోయేది. తేడా దానికి తెలిసేది కాదు. మధ్య మధ్య తల ఎత్తి నా మొహంలోకి చూసి సన్నగా అరిచేది. దూడను పిలిచే అరుపు అది. అక్క తల పొదుగుకు ఆనించి పాలు పిండుకుంటూ ఉండేది. ఆ నెలల్లో నాతో ఒక్క మాట మాట్లాడలేదు. నా జడ మళ్ళీ ముట్టుకోలేదు. బడిలో పిల్లలు నన్ను గడ్డిదూడ అని పిలిచేవాళ్ళు. నా బట్టల నుంచి తోలు వాసన వచ్చేది కాబట్టి నా పక్కన ఎవరూ కూర్చునేవాళ్ళు కాదు.

వానలు మొదలయ్యేసరికి తోలు మెత్తబడి కుళ్ళింది. ఒక పొద్దున నేను పట్టుకుని ఉండగానే పొట్ట దగ్గర కుట్లు విచ్చి గడ్డి బయటకు వచ్చింది. ఆ ఏడు మేత కరువు. ఆవు వాసన చూసింది. ఒక పోచ లాగింది. తర్వాత మూతి లోపలికి పెట్టి, తన దూడ పొట్టలోని గడ్డిని నెమ్మదిగా, ఆపకుండా తినసాగింది. నేను దూడను వెనక్కి లాగబోయాను.

"తిననీ," అన్నాడు పాక గడపలో కూర్చున్న తాత.

అక్క ఒకసారి తలెత్తి చూసింది. మళ్ళీ తల వంచి పాలు పిండటం పూర్తి చేసింది. చెంబు పక్కన పెట్టి, ఖాళీ అయిన తోలును నా చేతుల్లోంచి తీసుకుని, "ఇంక రానక్కర్లే. పో," అంది. నాతో ఆమె మాట్లాడిన చివరి మాట అదే. ఆ సంవత్సరం చివర్లో ఆవును అమ్మేసి, వాళ్ళ అన్న ఊరికి వెళ్ళిపోయింది.

తాత చేసింది తప్పని చాలా ఏళ్ళు అనుకున్నాను. తొమ్మిదేళ్ళ పిల్లకు అంత శిక్ష వెయ్యకూడదని ఇప్పటికీ అంటాను. నా పిల్లలకు నేను వెయ్యలేదు. అయినా ఆయన్ను తప్పుబట్టి నేను గెలిచిన రోజు లేదు. ఆయన పోయేటప్పుడు నేను పక్కనే ఉన్నాను. దూడ మాట ఆయనా ఎత్తలేదు, నేనూ అడగలేదు.

ఇప్పుడు నాకు డెబ్బై దాటాయి. ఏ ఇంటికి మారినా ముందు దాని నీళ్ళు ఎక్కడ తేలుతాయో చూసి వస్తాను. మొన్న తిరుపతిలో మా కొడుకు కొత్త ఫ్లాట్‌లో పాలు పొంగించారు. బంధువులంతా గదులు చూస్తూ ఉంటే నేను మెట్లు దిగి, వెనక గోడ పక్కన కాలువలోకి పడే గొట్టం దగ్గర నిలబడ్డాను. వాచ్‌మన్ వచ్చి, ఏమి పోగొట్టుకున్నావమ్మా అని అడిగాడు. ఏమీ లేదప్పా, ఈ నీళ్ళు యాడికి పోతాయి అన్నాను. అతనికి తెలియదు. పై అంతస్తుల వాళ్ళకూ తెలియదు. భోజనాలకు పిలుస్తున్నా నేను ఆ కాలువ వెంబడి నడవడం మొదలుపెట్టాను.